తొక్కల కప్పం

తెలిమల రాజ్యంలో జనమంతా అలిసిపోయారు. ఎందుకు అలిసిపోయారో ఎవరూ చెప్పలేరు, చెప్పడానికి ఓపిక కూడా లేదు. రైతు సగం దుక్కి దున్ని గట్టు మీద కూలబడేవాడు. చాకలి బట్టలు ఉతికేవాడు గాని పిండడానికి బలం చాలక నీళ్ళోడుతున్నవి అలాగే ఆరేసేవాడు. బడిలో పంతులు ప్రశ్న అడిగి, జవాబు వచ్చేలోగా కునుకు తీసేవాడు. ఆ సందు చూసుకుని పిల్లలు అల్లరి చేస్తారనుకుంటారేమో, వాళ్ళూ పలకల మీద తలలు వాల్చి పడుకునేవారు. పిల్లలు అల్లరి మానేశారంటే ఆ దేశానికి ఎంత కష్టం వచ్చిందో మీరే ఆలోచించుకోండి.

అలసట ఒక్కటే అయితే సరిపెట్టుకునేవారేమో. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం కారేది. వేలు తెగితే గాయం మానేది కాదు. కొందరికి కాళ్ళు వాచి తిమ్మిరెక్కేవి. పొద్దు వాలేసరికి చాలామందికి కళ్ళు మసకబారి, రోజూ తిరిగే ఇంట్లోనే గుంజలకు గుద్దుకునేవారు.

రాజు విమలసేనుడు మంచివాడే. సభ తీర్చి మంత్రులను అడిగాడు. ఇది అడవి అవతలి రాకాసి మంత్రమేనని సభ తేల్చింది. రాజు సేనను పంపాడు. సేన పొలిమేర దాటకుండానే ఈటెలు నేల మీద పెట్టి నిద్రపోయింది. చివరికి, మంత్రం విప్పించినవారికి అర్ధరాజ్యం ఇస్తానని దండోరా వేయించాడు. దండోరా వేసేవాడు ప్రతి వీధిలోనూ “అర్ధ...” అనేంతవరకూ వచ్చి, డప్పు పక్కన పెట్టి కూర్చుండిపోయేవాడు. అందుచేత ఏది సగం ఇస్తారో ఊళ్ళో చాలామందికి తెలియనే లేదు.

ఆ రాకాసి సంగతి చెప్పాలి. వాడి పేరు గండశిలుడు. ఈ రాజుగారి తాత కాలంలో వాడికీ తెలిమలకూ పెద్ద యుద్ధం జరిగింది. వాడు ఓడిపోయి, మీ ఊళ్ళోకి ఎన్నడూ రాను, ఎవరినీ ముట్టను, నా కడుపు మాత్రం మీరే నింపండి, మీరు పారేసేది పెట్టినా చాలు అని వేడుకున్నాడు. తాతగారు పకపకా నవ్వి సరేనన్నాడు. అయితే మేము పంపినదంతా తినాలి, ఒక్క ఆకు కూడా మిగల్చకూడదు అని షరతు పెట్టాడు. ఇద్దరూ నిప్పు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసుకున్నారు.

ఆనాటి నుంచీ ప్రతి ఇంటి గడప దగ్గరా ఒక రాకాసి గంప ఉండేది. కూరగాయల తొక్కలు, ఆకులు, తవుడు గంపలో వేసేవారు. కూరలు ఉడికిన నీళ్ళు, గంజి కుండల్లో పోసి పక్కన పెట్టేవారు. మొదట్లో భయంతో చేసిన పని రానురాను మర్యాద అయిపోయింది. “రంగు రాకాసిది, తెలుపు మనది” అని పిల్లలకు ఉగ్గుతో పాటే నేర్పేవారు. బియ్యం మల్లెమొగ్గల్లా తెల్లబడేదాకా దంచేవారు. బీరకాయ చెక్కితే చిటికెనవేలంత మిగిలేది. మామిడి, బొప్పాయి, ఉసిరి, గుమ్మడి, తోటకూర, పొన్నగంటికూర వంటివి ఇంట్లోకి రాకుండానే గంపలోకి పోయేవి. వెన్న సైతం పచ్చగా కనబడిందని గంపలో వేసిన మహాతల్లులున్నారు. పెళ్ళిచూపుల్లో పిల్ల చేతికి ఒక కాయా ఒక కత్తీ ఇచ్చేవారు. తొక్క ఎంత మందంగా తీస్తే అంత గొప్ప ఇంటి పిల్ల. పల్చగా తీసిందంటే పీనాసి సంబంధమని మగపెళ్ళివారు లేచిపోయేవారు. పొరపాటున రంగున్నది తింటే మనిషికి కోరలు, కొమ్ములు మొలుస్తాయని అందరి నమ్మకం.

గంపలన్నీ ఎత్తి అడవి అంచున ఉన్న నల్లబండ దాకా తోలుకుపోయే బండివాడి పేరు దాలయ్య. భార్య పోయాక, ఒక్కగానొక్క కూతురు పైడిని చంకన వేసుకుని బండి తోలుతూనే పెంచాడు. ఆ దాలయ్యకు చూపు తగ్గింది. ముందు సందెవేళ కనబడేది కాదు. తర్వాత కళ్ళు పొడిబారి, తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చ లేచింది. వైద్యుడు వచ్చి, రెప్ప ఎత్తి చూశాడు. నల్లగుడ్డు మెత్తబడనంతవరకే ఆశ ఉంటుందనీ, మెత్తబడితే పోయిన చూపు మరి రాదనీ, వానలు పట్టేదాకా కూడా ఆగకపోవచ్చనీ పైడిని బయటికి పిలిచి చెప్పాడు. చెబుతూ అతను కళ్ళు తుడుచుకున్నాడు. మందు లేని వైద్యుడికి అంతకంటే చేతనయ్యేది ఏముంది?

పైడి ఆ మధ్యాహ్నం గంపలన్నీ బండికెత్తింది. ఒక్కొక్క గంప ఎత్తి, గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుని, ఇంకొకటి ఎత్తింది. ఈసారి నల్లబండ దగ్గర ఆగననీ, అడవి దాటి ఆ రాకాసి కాళ్ళయినా పట్టుకుంటాననీ తండ్రితో చెప్పింది. దాలయ్య మంచం పట్టె పట్టుకుని లేచాడు.

“వద్దమ్మా. నాకు కళ్ళు పోతే పోనీ. నువ్వు పోతే నేను దేనికి?” అన్నాడు.

“వాణ్ణి బతిమాలి వచ్చేస్తాను నాయనా. పక్కింటి అత్త అన్నం పెడుతుంది, వేళకి తిను” అని పైడి ఎద్దులను అదిలించింది. వెనక్కి చూస్తే ఏడుపొస్తుందని చూడలేదు.

నల్లబండ దాటిన దారి ఎక్కడానికే పుట్టినట్టుంది. పైడి కాసేపు బండి మీద, కాసేపు కింద, ఎక్కువసేపు ఏ చెట్టుకో ఆనుకుని గడిపింది. కాళ్ళు ఆమెవి కానట్టు ఈడ్చుకుంటూ వచ్చేవి. ఎద్దులు మాత్రం హుషారుగా నడిచాయి. దారి పొడుగునా వెనక్కి మెడ తిప్పి గంపల్లోంచి ఆకులు లాక్కుని నములుతూనే ఉన్నాయి. తెలిమలలో అలిసిపోని జీవులు ఈ రెండే ఎందుకయ్యాయో పైడికి అప్పుడు తట్టలేదు. అలిసిన బుర్రకు ఏదీ వెంటనే తట్టదు.

రెండు కొండల మధ్య ఇరుకుదారిలో ఒక ముసలి ఎలుగుబంటి అడ్డంగా పడుకుని ఉంది. జరగమని పైడి బతిమాలింది. అది ఒక కన్ను తెరిచింది.

“లేవడానికి నాకు బద్ధకం. కావాలంటే నా మీంచి ఎక్కిపో. కానీ ఈ కొండకి ఒక కట్టుబాటుంది పిల్లా. ఇక్కడి కాయ తినకుండా దాటబోతే కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి” అంది.

పైడి అడుగు వెయ్యబోయింది. కాళ్ళు అప్పటికే బండబారి ఉన్నాయి గనుక, అతుక్కున్న సంగతి తెలియడానికి కొంతసేపు పట్టింది. ఎలుగు పక్కనున్న ఉసిరి కొమ్మను పంజాతో వంచి ఒక పచ్చటి కాయను ఆమె ముందుకు దొర్లించింది. పైడి దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. తింటే కొమ్ములు వస్తాయి. తినకపోతే ఇక్కడే మానైపోతుంది. తండ్రి మంచం పట్టె తడుముకుంటూ ఇంట్లో ఉన్నాడు. కళ్ళు మూసుకుని కొరికింది. పులుపుకు దవడలు లాగాయి, ఒగరుకు ముఖం ముడుచుకుపోయింది. ఎలుగు చూపించిన ఊటలో నీళ్ళు తాగితే మాత్రం నాలుక మీద తీపి పాకింది. కాళ్ళు నేలను వదిలాయి. పైడి రెండు చేతులూ తల మీద పెట్టి తడుముకుంది.

“ఏం వెతుకుతున్నావు?” అంది ఎలుగు.

“కొమ్ములు.”

“నేను పుట్టినప్పటి నుంచీ తింటున్నాను. నాకున్నాయా?”

“నువ్వు ఎలుగువి కదా.”

“అదీ నిజమే” అని ఎలుగు ఒప్పుకుని, ఒడి నిండా ఉసిరికాయలూ, నాలుగు దోరజామకాయలూ ఇచ్చి, దారిలో రోజూ తినమని చెప్పి, బండి పట్టేంత పక్కకి దొర్లి, మళ్ళీ కళ్ళు మూసుకుంది. తింటూ నడవగా నడవగా ఒక ఉదయం పైడి పళ్ళు తోముకుని ఉమ్మితే నీళ్ళు ఎర్రగా లేవు. ఆమె మరోసారి ఉమ్మి చూసుకుంది, అవి మామూలు నీళ్ళే.

ఆ తర్వాత వచ్చింది మసకలోయ. అక్కడ పట్టపగలు కూడా సందెవేళలాగే ఉంటుంది. చెట్లు ఆకాశాన్ని అల్లుకుపోయి సూర్యుణ్ణి లోపలికి రానివ్వవు. లోయలో దారి సన్నగా ఉంటుంది, పక్కన అగాధం. పైడి నాలుగడుగులు వేసేసరికి లోకమంతా ఆరిపోయినట్టయింది. తన చెయ్యి తనకే కనబడలేదు. తండ్రికి మొదలైనది తనకూ మొదలయిందని ఆమెకు అప్పుడు తెలిసింది. తడుముకుంటూ వెనక్కి వచ్చి లోయ అంచున కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“నెమ్మదిగా ఏడువమ్మా, తపస్సులో ఉన్నాను” అని ఎవరో అన్నారు.

చూస్తే పుట్ట పక్కన ఒక ముని. గడ్డం మోకాళ్ళ దాకా ఉంది. పైడి కథంతా విని ఆయన పెద్దగా నిట్టూర్చాడు. లోయ అవతల తన గురువుగారి ఆశ్రమం ఉందనీ, వెళదామని బయలుదేరితే ఇక్కడ దారి కనబడక ఆగిపోయాననీ, ఊరికే కూర్చుంటే బాగుండదని తపస్సు మొదలుపెట్టాననీ గొంతు తగ్గించి చెప్పాడు. కళ్ళకు పొన్నగంటికూర మంచిదని గురువుగారు అనగా విన్నాడట. ఏళ్ళ తరబడి ఉత్త నీళ్ళలో ఉడకబెట్టుకుని అదే తింటున్నాడట. చూపు మాత్రం అంతంతమాత్రమేనట. ఆయన పైడికీ ఇంత పెట్టాడు. పచ్చటి ఆకు తినడానికి ఈసారి ఆమె అంతగా భయపడలేదు. రోజులు గడిచినా లోయలో మాత్రం ఏమీ కనబడలేదు.

ఆ పక్కనే ఎక్కడో కిర్రు కిర్రుమని చప్పుడు వినబడుతుండేది. అదేమిటని అడిగితే ముని ముఖం తిప్పుకున్నాడు. అది గానుగ దెయ్యమనీ, నూనె వాసన తన నిష్ఠకు భంగమనీ, నూనె, నెయ్యి, రుచి, అన్నీ వదులుకున్నవాడిననీ చెప్పాడు. పైడి మర్నాడు అటు వెళ్ళింది. జుట్టు విరబోసుకున్న ఒక దెయ్యం కాడి భుజాన వేసుకుని గానుగ తిప్పుతోంది. పగలంతా నువ్వులు ఆడి, నూనె కుండల్లో పోసి, కొనేవారు లేక మళ్ళీ మొదలుపెడుతోంది. దాని కళ్ళ కింద నల్లటి గుంటలు చూసి పైడికి జాలేసింది. బతికున్నవాళ్ళే అలిసిపోతారనుకుంది గాని, చచ్చినా విశ్రాంతి దొరకనివాళ్ళుంటారని ఆమె ఎరగదు.

“అక్కా, కాస్త కూర్చో. నా ఎద్దులు తిప్పుతాయి” అంది.

దెయ్యం నమ్మలేదు. ఎద్దులను కాడికి కట్టాక, మెల్లగా ఒక రాయి మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. అలా ఎన్నేళ్ళకు కూర్చుందో, కళ్ళమ్మట నీళ్ళు కారాయి. పైడి తన గోడు చెప్పుకుంది. పొన్నగంటికూర తిన్నా ఫలితం లేదంది. దెయ్యం ఆ మాటకు మొదటిసారి నవ్వింది.

“ఉత్త నీళ్ళలో ఉడికించుకుంటే ఆకులో ఉన్న కంటిబలం కడుపులో నిలవదే తల్లీ. పిలిచినవాళ్ళు లేని చుట్టంలా గుమ్మంలోంచే వెళ్ళిపోతుంది. చెంచాడు నూనె వేసి వండుకో. పచ్చటాకుకీ, గుమ్మడిపండుకీ, బొప్పాయికీ కూడా అదే మాట. తింటే పైన కాస్త నూనో నెయ్యో తగలాలి” అంది.

ఎద్దులు గానుగ తిప్పినన్నాళ్ళూ దెయ్యం పడుకుని నిద్రపోయింది. పైడి నువ్వులనూనె వేసి కూర వండుకుని తింది. ఒక సాయంత్రం పొయ్యి ఆర్పి తల ఎత్తేసరికి, రాయి మీద నిద్రపోతున్న దెయ్యం ముఖం, దాని నుదుటి మీది బొట్టు స్పష్టంగా కనబడ్డాయి. ఆమె గబగబా అంచుకు వెళ్ళింది. లోయలోకి చూసింది. సన్నటి దారి, దాని అంచున ఎండుటాకులు కనబడుతున్నాయి. వెళ్ళేముందు దెయ్యం ఒక నూనెకుండ ఇచ్చింది. ఎద్దులను తీసుకుపోతున్నందుకు పైడి బాధపడితే, అలిసినప్పుడు ఆగిపోవచ్చని ఇన్నేళ్ళూ తనకు తోచనే లేదనీ, ఇకమీద కూర్చుంటాననీ చెప్పి పంపింది. పైడి బండి తోలుకుని లోయలోకి దిగుతుంటే ముని గట్టు మీద నిలబడి చూస్తూ ఉన్నాడు. కొంతసేపటికి గానుగ వైపు నుంచి, ఒక్క చెంచాడు పొయ్యమని అడుగుతున్న గొంతు వినబడింది.

లోయ అవతల గండశిలుడి గుహ. పైడి గుండె చిక్కబట్టుకుని బండి ఆపింది. గుహ ముందు ఖాళీ గంపల కొండ ఉంది, దాని పక్కన నిండు గంపల కొండ. రెంటి మధ్యా రాకాసి కూర్చుని బీరతొక్కలు నములుతున్నాడు. ఒళ్ళు నిగనిగలాడుతోంది, కళ్ళు తళతళలాడుతున్నాయి, ముసలితనం వచ్చినా ఒక్క పన్ను ఊడలేదు. ముఖం మాత్రం, పెళ్ళి భోజనాలు వరసగా తిన్నవాడి ముఖంలా ఉంది. కొత్త బండి చూసి వాడు మూలిగాడు.

“ఇంకో బండా?” అన్నాడు.

పైడి కాళ్ళ మీద పడింది. తెలిమల మీద వేసిన మంత్రం తీసెయ్యమనీ, తండ్రి కళ్ళు పోతున్నాయనీ, కావాలంటే తనను జీవితాంతం పనిమనిషిగా ఉంచుకోమనీ ప్రాధేయపడింది. గండశిలుడు తొక్క పక్కన పెట్టాడు.

“మంత్రాలు నాకు రావు తల్లీ. వస్తే ఈ గంపలు మాయం చేసుకునేవాణ్ణి కానా? ఒక్క ఆకు మిగల్చనని ప్రమాణం చేశాను. మూడు తరాలుగా నములుతున్నాను. దవడలు నొప్పెడుతున్నాయి” అన్నాడు.

“మరి మా ఊళ్ళో ఈ నీరసం ఏమిటి?”

“మీ బలమంతా బండికెత్తి నాకు పంపి, మిగిలిన పిప్పి మీరు తింటున్నారు. ఉసిరీ జామా లేకపోతే చిగుళ్ళు ఎలా గట్టిపడతాయి? తవుడంతా నాకు తోలేసి ఉత్త తెల్లన్నం తింటే కాళ్ళు నిలబడతాయా? తోటకూర తిని, మీద నిమ్మకాయ పిండుకుంటే కదా నెత్తురు పట్టేది. ఇక కళ్ళకి...”

“కళ్ళ సంగతి నాకు తెలుసు” అంది పైడి. అన్నాక ఆమెకు ఒళ్ళు మండింది. ఇంత తెలిసీ ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని నిలదీసింది. ఎంతమంది తడుముకుంటూ బతికారో, ఎంతమంది తడుముకుంటూనే పోయారో తెలుసా అని అడిగింది. రాకాసి తల వంచుకున్నాడు.

“ఊళ్ళోకి రానని కూడా ప్రమాణం చేశాను. మీ బండివాడు గంపలు దింపి వెనక్కి చూడకుండా పోతాడు. కేకేస్తే ఇంకా పరిగెడతాడు. ఎవరికి చెప్పను?” అన్నాడు.

గంపలు దింపి పరిగెత్తింది తన తండ్రీ, తన తాతే. ఆమె కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అక్కడే కూలబడింది. కప్పం ఆపేస్తే ఏమవుతుందని చివరికి ఆమే అడిగింది. ఆపితే ప్రమాణం చెడుతుందనీ, చెడగొట్టినవాళ్ళ ఊరు బూడిదవుతుందనీ, నిప్పు మీద చేసిన ప్రమాణం అలాంటిదనీ అతను చెప్పాడు. విడిపోయే దారి ఒక్కటే ఉంది. తెలిమల మనిషి ఎవరైనా ఇష్టపడి రాకాసితో ఒకే విస్తట్లో తింటే, ఇద్దరూ అయినవాళ్ళవుతారు. అయినవాళ్ళ దగ్గర ఎవరూ కప్పం పుచ్చుకోరు. అయితే తన విస్తట్లో తిన్నవాళ్ళను తెలిమల జనం మనుషులుగా ఒప్పుకుంటారో లేదో అన్నది మాత్రం తనకు తెలియదన్నాడు.

అది చిన్న మాట కాదు. ఉసిరికాయ ఎవరూ చూడనిచోట తింది. ఇది ఊరందరికీ తెలుస్తుంది. గడప తొక్కనివ్వకపోతే కూర వండి తండ్రికి పెట్టేది ఎలా? పైడి చాలాసేపు ఆలోచించింది. ఆలోచించడం కూడా అలసటగానే ఉంది. ఆఖరికి చేతులు కడుక్కుని వచ్చింది.

“వడ్డించు మావయ్యా” అంది.

ఆ పిలుపు చెవిన పడగానే గండశిలుడు లేచాడు. గుహ వెనక్కి పరిగెత్తాడు. గంపల్లో వచ్చిన గింజలన్నీ అక్కడ పడి మొలిచి ఒక పెద్ద తోటయిపోయింది. బొప్పాయి కోసుకొచ్చాడు, తోటకూర పులుసు కాచాడు, తవుడుతో రొట్టెలు కాల్చాడు, గుమ్మడిపండు ముక్కలు నూనెలో మగ్గబెట్టాడు. మోదుగాకుల విస్తరి పరిచి ఇద్దరూ చెరో పక్కనా కూర్చున్నారు. మొదటి ముద్ద పైడి నోట పెట్టుకోగానే నిండు గంపల కొండ గలగలమని జారి నేలకు ఒరిగింది. ప్రమాణం విడిపోయింది. గండశిలుడు ఆమెకు రొట్టె తుంచి పెడుతూ, ఒక్కణ్ణే తినడం ఇంత బరువని ఇవాళే తెలిసిందన్నాడు.

తిరుగు ప్రయాణంలో బండి నిండా పళ్ళూ, ఆకుకూరలూ, విత్తనాలూ ఉన్నాయి. రాకాసి నల్లబండ దాకా సాగనంపాడు. పైడి కాళ్ళు నొప్పెడుతున్నాయి గాని ఈడ్చుకోవలసిన అవసరం లేకుండా నడిచాయి. కోట గుమ్మం దగ్గర మాత్రం జనం దారి ఇవ్వలేదు. ఆమె కథ చెప్పగానే ఆడవాళ్ళు బిడ్డల్ని వెనక్కి లాక్కున్నారు. కొమ్ములేవని ఒకరు, లోపలికి పెరుగుతాయని ఇంకొకరు గొణిగారు. రాజు స్వయంగా వచ్చి ఆమె నోరు తెరిపించి చూశాడు. చిగుళ్ళు గులాబిరంగులో ఉన్నాయి. తన చిగుళ్ళు రాజుగారికి గుర్తొచ్చాయి కాబోలు, తన నోరు గట్టిగా మూసుకున్నాడు. చివరికి, కొమ్ములు మొలిచేదీ లేనిదీ తానే రోజూ వచ్చి చూస్తాననీ, అంతదాకా పైడీ, దాలయ్యా ఇల్లు కదలకూడదనీ తీర్పు చెప్పాడు.

దాలయ్య కళ్ళు ఇంకా పొడిబారాయి. అయినా నల్లగుడ్డు మెత్తబడలేదు. పైడి పొన్నగంటికూర నూనెలో వేయించి, అన్నంలో కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. వాసన చూసి అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“రంగు వాసనొస్తోంది. చూపు కోసం మనిషితనం వదులుకోమంటావా అమ్మా?” అన్నాడు.

“నేను తిన్నాను నాయనా. వాడి విస్తట్లోనే తిన్నాను. ఇప్పుడు నేను నీ కూతుర్ని కానా?”

దాలయ్య చెయ్యి చాపి ఆమె తల తడిమాడు. నెత్తి, నుదురు, చెవుల వెనక, అన్నీ తడిమాడు. కొమ్ముల కోసం తడిమాడో, కూతురి కోసం తడిమాడో చెప్పలేం. తర్వాత నోరు తెరిచాడు.

మరి అక్కడి నుంచి కాపలా మొదలయింది. పైడి పొద్దున్న బొప్పాయి ముక్కలు, మధ్యాహ్నం ఆకుకూర, రాత్రి గుమ్మడిపండు పెట్టేది. ప్రతి సాయంకాలం రాజు వచ్చి అరుగు మీద కూర్చుని ఇద్దరి తలలూ చూసి వెళ్ళేవాడు. వీధిలో జనం కూడా చేరేవారు. కొమ్ములు రాలేదు, చూపూ రాలేదు. ఆలస్యమైపోయిందేమోనన్న భయం పైడిని నిద్రపోనివ్వలేదు. అడవిలో నడిచిన అలసట కంటే ఈ ఎదురుచూపు అలసట ఎక్కువగా ఉంది.

ఒకనాటి సందెవేళ రాజు అరుగు మీద ఉన్నాడు. దాలయ్య మంచం మీద వీధివైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. దీపం ఇంకా వెలిగించలేదు. పైడి గుంజకు ఆనుకుని నిలబడి, చప్పుడు కాకుండా ఇంత నోరు తెరిచి ఆవులించింది.

“రాజుగారి ముందర అదేం ఆవులింతే? నోటికి చెయ్యి అడ్డం పెట్టుకో” అన్నాడు దాలయ్య.

అన్నమాట ఏమిటో దాలయ్యకే ముందు అర్థమయింది. అతను కూతురి వైపు చూస్తూ చెయ్యి చాపాడు. పైడి నేల మీద కూలబడి, అతని మోకాళ్ళలో ముఖం దాచుకుని ఏడ్చింది. రాజు లేచాడు. తన భవనానికి పోయి గడప దగ్గరి గంపలోంచి ఒక జామపండు తీసి, వీధిలో అందరూ చూస్తుండగా తొక్కతో సహా తిన్నాడు. వెనక్కి వచ్చి, అర్ధరాజ్యం ఏ దిక్కున కావాలో కోరుకోమన్నాడు.

“రేపు చెబుతాను మహారాజా. నిద్రొస్తోంది” అంది పైడి.

మర్నాడు ఆమె అడవి పక్కనున్న సగమే కోరుకుంది. నల్లబండ దగ్గర అంగడి పెట్టించి, గండశిలుడి చేత కూరగాయలు అమ్మించింది. చాలాకాలం చల్లగా ఏలింది. ఆమె ఏలుబడిలో పిల్లలు మళ్ళీ అల్లరి చేశారు, పంతులు మళ్ళీ బెత్తం వెతుక్కున్నాడు. అదంతా తర్వాతి మాట. ఆ రాత్రి మాత్రం ఆమె నేల మీదే నిద్రపోయింది. దాలయ్య ఆమె మీద దుప్పటి కప్పి, దీపం లేకుండానే నడిచి వెళ్ళి, వీధి తలుపు వేసి వచ్చాడు.